దీపశిఖ నుంచి అర్థానికి: క్రైస్తవ ఆరాధనలో వెలుగు ప్రతీక

వ్యాస సంగ్రహం

వెలుగు జ్ఞానానికీ చీకటి అజ్ఞానానికీ ప్రతీకలనే సమీకరణంతో క్రైస్తవ వాఙ్మయాన్ని చదవడం పరిపాటి. ఈ సమీకరణం తప్పు కాకపోయినా చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. క్రైస్తవ ఆరాధనలో వెలుగు ఒక క్రియాక్రమంగా కనిపిస్తుంది. దీపాన్ని వెలిగించడం, పంచడం, ఆర్పడం, దాచడం, తిరిగి తేవడం అనే చర్యలే అక్కడ అర్థాన్ని కలిగిస్తాయి. యోహాను సువార్త, నికయా విశ్వాస ప్రమాణం, పాస్కా జాగరణ, టెనెబ్రే ఆరాధన, నిస్సా గ్రెగొరీ చింతన ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించి, ఈ ప్రతీక దుర్వినియోగమైన సందర్భాన్ని, తెలుగు కావ్య పఠనానికి దీని వల్ల కలిగే ప్రయోజనాన్ని చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వెలుగు, చీకటి, ప్రతీక, పాస్కా జాగరణ, టెనెబ్రే, యోహాను సువార్త, గబ్బిలం

1. ప్రస్తావన

వెలుగును దైవానికి సంకేతంగా భావించడం అనేక మత సంప్రదాయాలలో ఉంది. ఈ సామాన్యతే విమర్శకు ఒక చిక్కును తెచ్చిపెట్టింది. అంతటా ఉన్నది అంతటా ఒకటేనన్న భావన బలపడి, ఏ సంప్రదాయంలో వెలుగు కనిపించినా దానికి ఒకే అర్థాన్ని కేటాయించడం అలవాటయింది. ఉపనిషత్తులోని జ్యోతి, బౌద్ధంలోని దీపం, సువార్తలోని వెలుగు ఒకే పట్టికలో చేరిపోతున్నాయి. తులనాత్మక అధ్యయనానికి ఈ పట్టిక ఆరంభం కాగలదు గాని ముగింపు కాజాలదు.

తొమ్మిదో శతాబ్దపు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పిన ఒక దృష్టాంతం ఇక్కడ దారి చూపుతుంది. వెలుతురు కావలసినవాడు దీపశిఖ విషయంలో ఎలా శ్రద్ధ వహిస్తాడో, వ్యంగ్యార్థం కావలసిన కవి వాచ్యార్థం విషయంలో అలా శ్రద్ధ వహించాలని ఆయన అభిప్రాయం. వత్తిని, నూనెను, గాలిని పట్టించుకోనివాడికి వెలుతురు దక్కదు. ఈ సూత్రం కవికి ఎంత వర్తిస్తుందో విమర్శకుడికీ అంతే వర్తిస్తుంది. వెలుగు దేనికి ప్రతీక అని అడగడానికి ముందు, ఆ దీపాన్ని ఎవరు, ఎప్పుడు, దేనితో వెలిగించారు, ఎప్పుడు ఆర్పారు అని అడగాలి. క్రైస్తవ ఆరాధన విషయంలో ఈ ప్రశ్నలకు దొరికే సమాధానాలు ముందే సిద్ధంగా ఉన్న సమీకరణాన్ని చాలాచోట్ల సడలిస్తాయి.

తెలుగులో ‘వెలుగు’ అనే మాట నామమూ అవుతుంది, ధాతువూ అవుతుంది. వెలుగు ఉంటుంది, వెలుగు వెలుగుతుంది కూడా. క్రైస్తవ ఆరాధనలోని వెలుగును అర్థం చేసుకోవడానికి ఈ రెండో రూపం, అంటే క్రియారూపం, ఎక్కువ తోడ్పడుతుంది.

2. యోహాను సువార్త: ‘గ్రహించు’ అనే క్రియ

ఆదికాండంలోని సృష్టి వర్ణన ప్రకారం వెలుగు మొదటి రోజున కలిగింది. సూర్యచంద్ర నక్షత్రాలు నాలుగో రోజున కలిగాయి. వెలుగు తన మూలాలకంటే ముందే పుట్టిందన్న ఈ క్రమం ప్రాచీన వ్యాఖ్యాతలను ఆలోచింపజేసింది. నాలుగో శతాబ్దపు కైసరయ బిషప్ బాసిల్ సృష్టి దినాలపై చేసిన ప్రసంగాలలో దీన్ని చర్చించాడు. ఈ క్రమంలో సూర్యుడు దేవత స్థానం నుంచి దీపం స్థానానికి దిగుతాడు. వెలుగు సూర్యుని సొత్తు కాదు. అది మాటకు విధేయమైన సృష్టి.

యోహాను సువార్త ఆరంభం ఈ కథనాన్ని గుర్తుచేస్తూనే ఒక సంఘర్షణను ప్రవేశపెడుతుంది. వెలుగు చీకటిలో ప్రకాశిస్తున్నదని చెప్పిన వెంటనే, ఆ వెలుగు పట్ల చీకటి చేయలేకపోయిన పనిని చెప్పే గ్రీకు క్రియ వస్తుంది. ఆ క్రియకు పట్టుకోవడం, లొంగదీయడం అనే అర్థమూ, అవగతం చేసుకోవడం అనే అర్థమూ ఉన్నాయి. చాలా భాషల అనువాదకులు ఈ రెండింటిలో ఒకదానిని వదులుకోవలసి వచ్చింది. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు ఇక్కడ ‘గ్రహించు’ అనే క్రియను వాడింది. నేటి పాఠకుడికి దీనివల్ల అవగాహన అనే అర్థమే ముందు తోస్తుంది. అయితే ఈ మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు పట్టుకోవడమే అర్థం. సూర్యచంద్రులను రాహువు పట్టుకోవడం ‘గ్రహణం’ అయింది ఆ ధాతువు వల్లనే. వెలుగును చీకటి గ్రహించలేదన్న వాక్యంలో, వెలుగు చీకటికి అర్థం కాలేదన్న భావంతో పాటు వెలుగుకు గ్రహణం పట్టలేదన్న భావాన్ని కూడా తెలుగు పాఠకుడు వినగలడు. మూలంలోని శ్లేషను ఈ ఒక్క మాట నిలుపుకొన్నది. అదే గ్రీకు క్రియ పన్నెండో అధ్యాయంలో చీకటి మనుషులను చుట్టుముట్టే సందర్భంలో మళ్ళీ వస్తుంది. అక్కడ తెలుగు అనువాదం ‘కమ్ముకొను’ అన్నది. రెండు చోట్ల రెండు క్రియలు రావడం వల్ల సందర్భానికి తగిన స్పష్టత వచ్చినా, ఈ రెండు వాక్యాలను కలిపే ముడి మాత్రం కనిపించకుండా పోయింది.

ఆరంభంలోని ఈ సంఘర్షణ సువార్త కథ పొడవునా సాగుతుంది. నికోదేము రాత్రివేళ వస్తాడు. యేసు తనను లోకానికి వెలుగుగా ప్రకటించుకొన్న ఎనిమిదో అధ్యాయపు మాటకు, దానికి ముందు అధ్యాయంలో వర్ణితమైన పర్ణశాలల పండుగకు వ్యాఖ్యాతలు సంబంధం చూశారు. ఆ పండుగ రాత్రులలో యెరూషలేము దేవాలయపు స్త్రీల ఆవరణంలో బంగారు దీపస్తంభాలను వెలిగించేవారనీ, యాజకుల పాత వస్త్రాలను చింపి వత్తులుగా వాడేవారనీ, నగరంలో ఆ వెలుగు సోకని ముంగిలి లేదనీ యూదుల మిష్నా తెలుపుతుంది. తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడు చూపు పొందుతాడు. పదమూడో అధ్యాయంలో యూదా ఇస్కరియోతు భోజనం బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళగానే రాత్రి అయిందని రచయిత ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటాడు. పద్దెనిమిదో అధ్యాయంలో యేసును పట్టుకోవడానికి వచ్చినవారి చేతుల్లో ఆయుధాలతో పాటు దివిటీలు, లాంతర్లు ఉన్నాయి. ఈ దివిటీల ప్రస్తావన నాలుగు సువార్తలలోనూ యోహానులో మాత్రమే ఉంది. లోకానికి వెలుగైనవాణ్ణి వెదకడానికి దివిటీలు కావలసి వచ్చాయన్న వ్యంగ్యాన్ని రచయిత వివరించడు. వస్తువును చూపి తప్పుకుంటాడు. సిలువ సమయంలో మూడు గంటల పాటు చీకటి కమ్మిందని మిగిలిన మూడు సువార్తలు చెబుతుండగా యోహాను ఆ ప్రస్తావన చేయలేదు. అతని కథలో రాత్రి అప్పటికే ప్రవేశించింది. మగ్దలేనే మరియ సమాధి దగ్గరకు వచ్చేటప్పటికి ఇంకా చీకటిగానే ఉంది.

ఇందులో వెలుగు ఒక భావానికి పెట్టిన పేరు కాదు. కథలో అది పాత్రతో సమానంగా ప్రవర్తిస్తుంది. వస్తుంది, తిరస్కృతమవుతుంది, పట్టుబడుతుంది, గ్రహణం పట్టకుండా నిలుస్తుంది. ఆరాధన క్రమం తరువాతి కాలంలో ఈ కథనాన్నే దీపాలతో తిరిగి నడిపించింది.

3. తరగని దీపం

క్రీ.శ. 325లో నికయాలో సమావేశమైన సభ రూపొందించిన విశ్వాస ప్రమాణం, తండ్రికీ కుమారునికీ ఉన్న సంబంధాన్ని చెప్పడానికి వెలుగు నుంచి కలిగిన వెలుగు అనే భావాన్ని స్వీకరించింది. దీనికి పూర్వరూపం రెండో శతాబ్దపు రచయిత జస్టిన్‌లో ఉంది. ఒక అగ్ని నుంచి మరో అగ్నిని రగిల్చినప్పుడు మొదటిది తరగదని ఆయన వాదించాడు. సంతానం కలిగితే తండ్రిలో కొంత తగ్గాలి కదా అన్న ఆక్షేపణకు ఇది సమాధానం. సిద్ధాంతాల మధ్య సాగిన ఈ వివాదాన్ని పక్కన ఉంచి చూస్తే, ఉపమానంలోని లోక పరిశీలన సూటిగా ఉంది. ధనం పంచితే తగ్గుతుంది. భూమి పంచితే చీలుతుంది. దీపం పంచితే పెరుగుతుంది.

నాలుగో శతాబ్దానికి ఈ ఉపమానం ఆచరణలో కనిపిస్తున్నది. సాయంకాలం దీపం వెలిగించే వేళ పాడే గ్రీకు స్తుతిగీతం ‘ఫోస్ హిలారోన్’ తన నాటికే ప్రాచీనమనీ, దాని కర్త ఎవరో తెలియదనీ బాసిల్ రాశాడు. అదే శతాబ్దం చివర యెరూషలేమును దర్శించిన ఎగేరియా అనే యాత్రికురాలు అక్కడి సాయంకాల దీపారాధనను వర్ణిస్తూ ఒక ముఖ్యమైన వివరం చెప్పింది. దీపాలు వెలిగించడానికి నిప్పును బయటి నుంచి తేరు. రాత్రింబవళ్ళు దీపం వెలిగే సమాధి గుహ లోపలి నుంచి తెస్తారు. నిప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇక్కడ అర్థంలో భాగం. మృత్యుస్థానం నుంచి వెలుగు బయటికి వస్తుందన్న విశ్వాసాన్ని ఆ చిన్న ఏర్పాటు ప్రకటిస్తుంది.

ఈ ఆచరణ పరిపూర్ణంగా వికసించినది ఈస్టరుకు ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణలో. రోమను కతోలిక క్రమంలో ఆలయంలోని దీపాలన్నీ ఆర్పివేసి, వెలుపల కొత్త నిప్పు రగిలిస్తారు. పెద్ద పాస్కా కొవ్వొత్తిపై సిలువను, గ్రీకు వర్ణమాలలోని మొదటి, చివరి అక్షరాలను, ఆ సంవత్సరపు నాలుగు అంకెలను గీస్తారు. అనంతాన్ని సూచించే అక్షరాల పక్కన ఈ ఏటి అంకెలు ఉండడం గమనార్హం. ఈ దీపం కాలాతీతమైన జ్యోతిగా ఉండడంతో తృప్తిపడదు. ఒక సంవత్సరానికి కట్టుబడుతుంది. చీకటి ఆలయంలోకి ఆ ఒక్క కొవ్వొత్తితో ప్రవేశించి, మూడు చోట్ల ఆగి, క్రీస్తు వెలుగును ప్రకటిస్తారు. దాని నుంచి విశ్వాసుల చేతుల్లోని చిన్న కొవ్వొత్తులు ఒకదాని నుంచి ఒకటి వెలుగుతాయి. ఆ తరువాత పాడే ‘ఎక్సుల్తెత్’ అనే స్తోత్రం ఈ జ్వాల విభజింపబడినా క్షీణించదన్న భావాన్ని పాడుతుంది. మైనాన్ని కూర్చిన తేనెటీగల శ్రమను కూడా స్మరిస్తుంది. మహత్తరమైన ప్రకటన మధ్యలో తేనెటీగకు చోటు దొరకడం, దీపశిఖ పట్ల ఆనందవర్ధనుడు కోరిన శ్రద్ధకు నిదర్శనంగా నిలుస్తుంది.

ఆ కొవ్వొత్తి చరిత్ర ఆ రాత్రితో ముగియదు. ఏడాది పొడవునా జ్ఞానస్నానం పొందేవారి కొవ్వొత్తులను దాని నుంచే వెలిగిస్తారు. అంత్యక్రియల వేళ దాన్ని శవపేటిక దగ్గర నిలుపుతారు. జ్ఞానస్నానానికి ప్రాచీన గ్రీకు క్రైస్తవులు ‘వెలిగించడం’ అనే అర్థం గల మాటను వాడారని జస్టిన్ తెలుపుతాడు. తెలుగు క్రైస్తవులలో ప్రొటెస్టంట్లు గ్రీకు శబ్దాన్ని అనుసరించి ‘బాప్తిస్మం’ అనగా, కతోలికులు ‘జ్ఞానస్నానం’ అన్నారు. నీటినీ తెలివినీ జతచేసిన ఈ సమాసం, వెలిగించడమన్న పాత పేరుకు దగ్గరగా ఉంది.

4. పగటి దీపం: ఒక పాత వివాదం

దేవుని ముందు దీపం ఎందుకన్న ప్రశ్నను క్రైస్తవులు కూడా వేసుకొన్నారు. నాలుగో శతాబ్దారంభంలో లాక్టాంటియస్, సూర్యుణ్ణి సృష్టించినవానికి మైనపు వత్తిని సమర్పించడాన్ని అన్యమతాచారంగా ఎగతాళి చేశాడు. శతాబ్దం గడిచేసరికి అదే ఎగతాళి క్రైస్తవుల మీదికి మళ్ళింది. సూర్యుడు ప్రకాశిస్తుండగా కొవ్వొత్తులు వెలిగించడాన్ని విజిలాంటియస్ అనే యాజకుడు ఆక్షేపించగా, 406లో జెరోము తీవ్రస్వరంతో బదులిచ్చాడు. తూర్పు దేశపు సంఘాలన్నింటిలో సువార్త చదివేటప్పుడు పగలే దీపాలు వెలిగిస్తారనీ, అవి చీకటిని పోగొట్టడానికి కాక సంతోషానికి సూచనగా వెలుగుతాయనీ ఆయన వాదం. ఉపయోగం తీరినచోట ప్రతీక మొదలవుతుందన్న గ్రహింపు ఇందులో ఉంది. పదహారో శతాబ్దపు సంస్కరణోద్యమంలో ఈ వివాదం మళ్ళీ రగిలి, కొన్ని సంఘాలు దీపాలను తొలగించాయి, కొన్ని ఉంచుకొన్నాయి.

జెరోము వాదాన్ని అంగీకరించినా, పగటి దీపానికి ఒక హద్దు ఉంది. దాన్ని పాస్కా జాగరణ చరిత్రే నిరూపించింది. మధ్యయుగంలో ఆ ఆరాధన వేళ క్రమంగా ముందుకు జరిగి, పదహారో శతాబ్దం తరువాత శనివారం ఉదయానికి స్థిరపడింది. కిటికీల నుంచి ఎండ పడుతుండగా కొత్త నిప్పును రగిల్చి, ఈ రాత్రిని స్తుతించే స్తోత్రాన్ని పాడేవారు. పాఠంలో ఒక్క మాట మారలేదు. చర్యలలో పెద్దగా మార్పు లేదు. అయినా ప్రతీక మూగబోయింది. 1951లో పోపు పన్నెండో పయస్ జాగరణను తిరిగి రాత్రివేళకు అనుమతించాడు. 1955 నాటి ఉత్తర్వుతో అది స్థిరపడింది. ఈ సంస్కరణను పూజా సమయంలో మార్పుగా మాత్రమే చూడరాదు. చీకటి లేనిచోట ఆ దీపానికి చెప్పవలసింది లేదని ఒక వ్యవస్థ నాలుగు శతాబ్దాల అనుభవంతో అంగీకరించడం అందులో ఉంది.

ఆలయ నిర్మాణంలోనూ వెలుగుకు ఈ కాలబద్ధత ఉంది. పారిస్ సమీపాన సాన్ దెనీ ఆలయపు తూర్పు భాగాన్ని మఠాధిపతి సుజేర్ పునర్నిర్మించి 1144లో ప్రతిష్ఠించినప్పటి నుంచి, రంగుటద్దాల కిటికీ గోథిక్ శిల్పానికి ప్రాణమైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ చర్చిలోని రంగుటద్దాలు తెలుగు నేలపై దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఆ అద్దాలలోని ఘట్టాలు. వెలుపలి ఎండ ఉన్నంతసేపే లోపలివారికి ఆ చిత్రాలు కనిపిస్తాయి. పొద్దుగూకితే గాజు నల్లబడుతుంది. లోపల ఎన్ని దీపాలు వెలిగించినా లోపలివారికి ఆ బొమ్మలు తిరిగి రావు. చూసేవాడి స్వాధీనంలో లేని వెలుగును గురించి ఇంతకన్న సూటిగా చెప్పే వస్తువు అరుదు.

5. ఆర్పే దీపం

తెలుగువారు దీపం ఆరిపోయిందనడానికి వెనుకాడతారు. దీపం కొండెక్కిందంటారు. ఆరడం అశుభం గనుక ఆ మాటను తప్పించి, వెలుగు ఎక్కడికో వెళ్ళిందన్నట్లు చెబుతారు. ఈ సంస్కారంతో చూసినప్పుడు పాశ్చాత్య క్రైస్తవంలోని టెనెబ్రే ఆరాధన విస్మయం కలిగిస్తుంది. లాటిన్‌లో ఆ పేరుకు చీకట్లు అని అర్థం. పవిత్ర వారపు చివరి మూడు రోజులకు సంబంధించిన ఈ ప్రార్థనలో త్రికోణాకారపు దీపస్తంభంపై పదిహేను కొవ్వొత్తులు వెలిగించి, ఒక్కొక్క కీర్తన ముగియగానే ఒక్కొక్కదాన్ని ఆర్పుతారు. పద్నాలుగు ఆరిన తరువాత పదిహేనోదాన్ని ఆర్పరు. వెలుగుతుండగానే తీసుకొనిపోయి బలిపీఠం వెనుక దాస్తారు. చీకటిలో పుస్తకాలతో బల్లలను కొట్టి చప్పుడు చేస్తారు. అది క్రీస్తు మరణవేళ కంపించిన భూమిని తలపిస్తుంది. ఆ తరువాత దాచిన దీపాన్ని తిరిగి తెస్తారు. అందరూ మౌనంగా వెళ్ళిపోతారు.

ఇక్కడ ఆర్పడమే ఆరాధన. ఈ క్రమంలో చీకటిని అజ్ఞానమని చదివితే, విశ్వాసులు పూనుకొని అజ్ఞానాన్ని పెంచుకొంటున్నారని చెప్పవలసి వస్తుంది. అది అసంగతం. ఇక్కడి చీకటి శిష్యులు ఒక్కొక్కరుగా విడిచిపోగా మిగిలిన ఒంటరితనానికి, దుఃఖానికి రూపం. ఆ చీకటిలో కూర్చోవడాన్ని సంఘం ఒక విధిగా స్వీకరించింది. చివరి దీపాన్ని ఆర్పకుండా దాచడంలో ఉన్న సూక్ష్మత మరింత గమనించదగినది. కూర్చున్నవారికి ఆరిన దీపమూ, మరుగైన దీపమూ ఒకే విధంగా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే నిరీక్షించాలి. నిరీక్షణను నిర్వచించకుండా అనుభవంలోకి తెచ్చే ఏర్పాటు ఇది. తెలుగు నుడికారంలో చెప్పాలంటే ఆ పదిహేనో దీపమొక్కటే నిజంగా కొండెక్కింది. వెలుగు పోలేదు, కంటికి దూరమైంది.

6. వెలుగును దాటిన చీకటి

సమీకరణాన్ని మరింత బలంగా ప్రశ్నించినవాడు బాసిల్ తమ్ముడైన నిస్సా గ్రెగొరీ. మోషే జీవితంపై ఆయన రాసిన గ్రంథంలో ఆధ్యాత్మిక ప్రయాణం మండుతున్న పొదలోని వెలుగుతో మొదలై, మేఘాన్ని దాటి, సీనాయి పర్వతంపై గాఢాంధకారంలోకి సాగుతుంది. మోషే దేవుణ్ణి మొదట వెలుగులో చూసి, తరువాత చీకటిలో చూడడం విరుద్ధం కదా అన్న ప్రశ్నను గ్రెగొరీ స్వయంగా లేవనెత్తాడు. దైవం జ్ఞానానికి అందే వస్తువు కాదు గనుక, దగ్గరైనకొద్దీ చూపు తన పరిమితిని తెలుసుకొంటుందని ఆయన సమాధానం. ఇక్కడ చీకటి జ్ఞానపు తొలిమెట్టు కాదు, చివరిమెట్టు.

తూర్పు క్రైస్తవంలో దీనికి ప్రతిగా మరో ధార కూడా బలపడింది. పద్నాలుగో శతాబ్దంలో గ్రెగొరీ పాలమాస్, రూపాంతర సమయంలో కొండపై శిష్యులు చూసిన కాంతి సృష్టింపబడనిదనీ, సాధకులకు అది దర్శనీయమనీ వాదించాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో 1341, 1351లలో జరిగిన సభలు ఆ వాదాన్ని సమర్థించాయి. అయితే పాలమాస్ కూడా దైవసారం అగోచరమేనన్నాడు. రెండు ధారలు కలిసేచోట, వెలుగు తనకు మించినదాన్ని దాచుతూనే చూపుతుందన్న అవగాహన ఏర్పడింది.

7. ప్రతీక దుర్వినియోగం

క్రియాక్రమం నుంచి విడివడి వెలుగు ఒక సమూహపు సొత్తుగా మారినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి స్ట్రాస్‌బర్గ్ ప్రధానాలయపు దక్షిణ ద్వారం సాక్ష్యం. సుమారు 1230 నాటి రెండు స్త్రీ శిల్పాలు అక్కడ నిలిచాయి. ఒకరు కిరీటం ధరించిన క్రైస్తవ సంఘం. మరొకరు కళ్ళకు గంతలు కట్టి, విరిగిన ఈటెతో తల వంచిన యూదు సమాజం. శిల్పంగా రెండోది అత్యంత సుందరం. భావంగా అది దారుణం. శుభ శుక్రవారపు లాటిన్ ప్రార్థనలో యూదులను చీకటి నుంచి విడిపించమని కోరే మాటలు శతాబ్దాల పాటు సాగాయి. వారికి అవమానకరమైన విశేషణాన్ని 1959లో తొలగించారు. 1970 నాటి పూజాగ్రంథంలో ప్రార్థననే మార్చారు. మధ్యకాలంలో ఈ భాష నేర్పిన చూపు ఎంత హింసకు తోడ్పడిందో ఐరోపా చరిత్రలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు వలస రచనలు ఆఫ్రికాను చీకటి ఖండమన్నప్పుడు కూడా ఇదే వ్యాకరణం పనిచేసింది.

ఈ దుర్వినియోగాన్ని ఖండించడానికి బయటి కొలమానం అక్కరలేదు. ప్రతీక తన తర్కంతోనే దాన్ని ఖండిస్తుంది. క్రైస్తవ ఆరాధనలోని వెలుగు యూదుల నుంచి అందినది. ఆదికాండపు వెలుగు, ఏడు కొమ్మల దీపవృక్షం, దేవాలయపు పండుగ దీపాలు లేకుండా యోహాను వాక్యాలకు నేపథ్యమే లేదు. దీపం నుంచి దీపం వెలిగించినప్పుడు మొదటిది తరగదన్నది క్రైస్తవులే చెప్పిన మాట. అయినా స్ట్రాస్‌బర్గ్ శిల్పి, తన దీపం వెలిగింది గనుక మొదటి దీపం ఆరిందని చెక్కాడు. నికయా సభ ఒప్పుకొన్న ఉపమానాన్ని ఆ ద్వారం కాదన్నది. పంచే చర్యను మరచి వెలుగును గుణంగా మార్చుకోవడం వల్ల కలిగిన ప్రమాదం ఇది. అందుచేత వెలుగును క్రియగా చదవాలా, గుణంగా చదవాలా అన్నది కేవలం శిల్పచర్చ కాదు.

8. తెలుగు కావ్య పఠనానికి ప్రయోజనం

ఈ పరిశీలన తెలుగు సాహిత్యానికి ఎలా ఉపకరిస్తుందో చెప్పడానికి జాషువా ‘గబ్బిలం’ (1941) ప్రారంభ ఘట్టం ఒక్కటి చాలు. అంటరానితనంతో, దారిద్ర్యంతో అలసిన కథానాయకుడు రాత్రివేళ తన గుడిసెలో ఉండగా గబ్బిలం ప్రవేశిస్తుంది. కవి దాన్ని ముఖం ధరించిన చీకటిగా ఊహించాడు. దాని రెక్కల గాలికి అతని చిన్న ఆముదపు దీపం ఆరిపోతుంది. అటుపైన అతడు గబ్బిలంతో తన బాధ చెప్పుకొని, శివునికి సందేశం పంపుతాడు.

వెలుగు జ్ఞానమనే సమీకరణంతో చదివితే, ఆరిన దీపం నాయకుని దైన్యాన్ని పెంచే అపశకునంగా మిగులుతుంది. ఘట్టక్రమాన్ని గమనిస్తే మరో అర్థం తోస్తుంది. దీపం ఆరిన తరువాతనే మాట పుట్టింది. నాయకుణ్ణి రానివ్వని గర్భగుడిలోకి స్వేచ్ఛగా వెళ్ళగలది ఈ చీకటి పక్షే. దేవుని సన్నిధికి అతని మాట చీకటి ద్వారా చేరుతుంది. గుడిలో వెలిగే దీపం అతనికి మూసిన తలుపు వెనుక ఉంది. గుడిసెలోని చీకటి అతనికి దూత అయింది. వెలుగు ఎవరి స్వాధీనంలో ఉందన్న ప్రశ్న స్ట్రాస్‌బర్గ్ ద్వారం దగ్గర ఎంత తీవ్రమో ఇక్కడా అంత తీవ్రం.

జాషువా ‘క్రీస్తు చరిత్ర’ రచించి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి. అంతమాత్రాన గబ్బిలంలోని ఆరిన దీపానికి టెనెబ్రే మూలమని చెప్పడం సాహసం. సందేశ కావ్య సంప్రదాయం, ఆయన ఎరిగిన కుల పీడన ఆ ఘట్టానికి తగినంత మూలాలు. ఇక్కడి ప్రతిపాదన ప్రభావానికి సంబంధించినది కాదు, పఠన పద్ధతికి సంబంధించినది. ఒక సంప్రదాయంలో ఆర్పిన దీపాన్ని శ్రద్ధగా చూసిన కన్ను, మరో సందర్భంలో ఆరిన దీపాన్ని తొందరపడి అశుభమని తీర్మానించదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి తొలి తెలుగు క్రైస్తవ కీర్తనకారుల రచనలను కూడా ఈ దృష్టితో తిరిగి చదవవలసి ఉంది. వారి పదాలలో వెలుగు, జ్యోతి, దీపం ఎన్నిసార్లు వచ్చాయన్న లెక్క కంటే, అవి ఏ క్రియలతో జతకట్టాయన్న పరిశీలన ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

9. ముగింపు

క్రైస్తవ ఆరాధనలో వెలుగు మూడు ముఖ్య లక్షణాలతో కనిపిస్తుంది. ఒకటి: అది పంచినా తరగదు, విశ్వాస ప్రమాణంలోని ఉపమానం, పాస్కా రాత్రి చేతులు మారే జ్వాల దీనికి ఆధారాలు. రెండు: అది కాలానికి, చీకటికి కట్టుబడి ఉంటుంది, పగటికి జరిగి అర్థం కోల్పోయి 1951లో రాత్రికి తిరిగివచ్చిన జాగరణ దీనికి నిదర్శనం. మూడు: దానికి చీకటి ఎల్లవేళలా శత్రువు కాదు; టెనెబ్రేలో అది దుఃఖానికి చోటు, గ్రెగొరీ చింతనలో దైవ సామీప్యం. ఈ మూడింటినీ విడిచి వెలుగును సొంత గుణంగా భావించిన చోట ప్రతీక పరపీడనకు సాధనమైంది.

తెలుగు క్రైస్తవులు నవంబరు 2న జరుపుకొనే సమాధుల పండుగలో ఈ మూడు లక్షణాలూ ఆడంబరం లేకుండా కలుస్తాయి. సాయంవేళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. గాలికి ఒకటి ఆరితే పక్క సమాధి మీది దీపంతో దాన్ని మళ్ళీ వెలిగించవచ్చు. ఆ ఇచ్చినదానికి తరుగు రాదు. ప్రతీకను అధ్యయనం చేసేవారు చూడవలసింది ఆ చేయి కదలికను. అర్థం దాని వెంట వస్తుంది.